గేదె ఈనిన వేళ

గుంటూరు బ్రాడీపేటలో మూడు తరాలుగా వర్ధిల్లుతున్న ఒక వ్యాపార న్యాయ సంస్థ తన చరిత్ర రాసిపెట్టమని నన్ను కోరింది. పేరు చెప్పను. చెబితే ప్రచారం అవుతుందట. బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రకారం న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, బోర్డు కూడా తగుమాత్రంగానే ఉండాలి. వారి బోర్డు మేడ ముందుభాగమంతా ఉంది. అంత మేడకు అది తగుమాత్రమేనని వారి వాదన. వాదించడం వారి వృత్తి కనుక ఒప్పుకున్నాను.

చరిత్రకు ఆధారాలు కావాలి. అటక మీద రెండు పాత బోర్డులు దొరికాయి.

మొదటిది రేకు బోర్డు. తాతగారి పేరు, కింద 'ప్లీడరు'. 1954లో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో వెలసింది. 1956లో హైదరాబాదుకు తరలిపోయింది. వెళ్లగలిగినవారు వెంట వెళ్లారు. స్థానిక వాణిజ్యానికి సేవ చేయాలన్న సంకల్పంతో తాతగారు ఉండిపోయారని సంస్థ కథనం. ఆ వారమే గేదె ఈనిందని ముసలి గుమస్తాగారి కథనం. రెండూ రాశాను, మొదటిది పెద్ద అక్షరాలతో.

తాతగారి రోజుల్లో వ్యాపార న్యాయమంటే ప్రామిసరీ నోటు. నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడేళ్లకు కాలదోషం, అంటే ఆ తర్వాత దావా చెల్లదు. ఆ మూడేళ్లు నిండేలోగా బాకీదారు చేత ఎంతో కొంత కట్టించి, నోటు వెనక చెల్లు రాయించి, సంతకం పెట్టిస్తే మళ్లీ మూడేళ్ల ఆయుష్షు. మార్కండేయుడికి కూడా ఆయుష్షు ఇంత సులువుగా పెరగలేదు, పాపం శివలింగాన్ని కౌగలించుకోవలసి వచ్చింది. తాతగారి విద్వత్తంతా ఆ తేదీలు మరచిపోకపోవడంలోనే ఉంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే రాశిఫలాల జోలికి పోకుండా, ఏకాదశుల పక్కన బాకీదారుల పేర్లు ఎక్కించేవారట. ఆ పంచాంగాలు చూశాను. కొన్ని పేర్లు పదేళ్లు వరుసగా ఉన్నాయి. ఇంత నిలకడైన బంధాలు ఈ కాలంలో ఎక్కడ?

రెండో బోర్డు కుమారుడిది, 'అడ్వొకేట్'. ఆయన దశ 1989 ఏప్రిల్ 1న తిరిగింది. ఆ రోజు నుంచి చెల్లని చెక్కు ఇవ్వడం నేరమైంది. చెక్కుకు గౌరవం పెంచాలని చట్టం ఉద్దేశం. నిజంగానే పెరిగింది. అంతవరకు నోటుతో తృప్తిపడిన షావుకార్లు నోటుతో పాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు కూడా పుచ్చుకోసాగారు. ఇదివరకు ఒక అప్పుకు ఒక దావా. ఇక సివిల్ కోర్టులో ఒకటి, క్రిమినల్ కోర్టులో మరొకటి. మేడకు మొదటి అంతస్తు అప్పుడే లేచింది.

ఇక్కడే నాకొక చారిత్రక సూత్రం స్ఫురించింది. వ్యాపారం సులభం చేద్దామని ఢిల్లీలో చట్టం చేసినప్పుడల్లా బ్రాడీపేటలో ఒక గది పెరుగుతుంది. 1956 నాటి కంపెనీల చట్టంలోని 658 సెక్షన్లను 2013లో 470కి కుదించారు. మిగతా భారం నిబంధనల పుస్తకాలకెక్కింది, ఆ పుస్తకాలకు ఒక గది. 2016లో దివాలా స్మృతికి మరొకటి. 2017లో జీఎస్టీ అన్ని పన్నులకూ ఒకే పన్ను కనుక దానికి రెండు గదులు, ఏసీతో సహా.

ఇప్పటి బోర్డు మనవడిది, 'కార్పొరేట్ న్యాయ సలహాదారులు'. వాణిజ్య కోర్టుకెక్కాలంటే వివాదం విలువ కనీసం కోటి రూపాయలుండాలన్న హద్దును 2018లో మూడు లక్షలకు దించారు. మిర్చి యార్డులో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క తేడాకు కూడా 'వాణిజ్య వివాదం' హోదా దక్కింది. అత్యవసరమైతే తప్ప దావాకు ముందు మధ్యవర్తిత్వం చేసి తీరాలన్నారు. ఇదివరకు ఆ పని యార్డు పెద్దమనుషులు టీ తాగుతూ చేసేవారు. ఇప్పుడు దానికొక దరఖాస్తు ఉంది, ఫీజు ఉంది, టీ లేదు.

2019 జనవరి 1న హైకోర్టు మళ్లీ ఇటువైపు, కృష్ణ ఒడ్డుకు వచ్చింది. తాతగారు కదలనందుకు అరవై రెండేళ్లకు హైకోర్టే దిగివచ్చిందని రాయమన్నారు మనవడుగారు. గేదె సంగతి కొట్టేశారు.

చరిత్ర అప్పగించాను. పారితోషికం చెక్కు రూపంలో ఇచ్చారు, వచ్చే నెల తేదీతో. మెట్ల దగ్గర గుమస్తాగారు నన్ను ఆపి, చెక్కు తిరిగొస్తే బ్యాంకు తెలియజేసిన నాటి నుంచి 30 రోజుల్లో నోటీసు పంపాలని గుర్తుచేశారు.

"నోటీసు మన దగ్గరే రాయించుకోండి బాబూ. తెలిసినవారికి ఫీజు తగ్గిస్తారు."