రసగుల్లా వైద్యం

పర్లాకిమిడిలో మనిషికి జలుబు చేస్తే వీధిలో ఇద్దరు మందు చెబుతారు. కుక్కపిల్ల తుమ్మితే వీధంతా చెబుతుంది. మనిషైతే కషాయం చూడగానే పెరట్లోకి తప్పుకుంటాడు. కుక్కపిల్లని ఒడిలో పెట్టుకుని నోరు తెరిపించొచ్చు కదా, అందుకని వైద్యులకి ఉత్సాహం ఎక్కువ.

మాది సరిహద్దు ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మేం ఇటు వచ్చేశాం, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రా వైపు, ఉండిపోయింది. చుట్టాలు మాత్రం రెండు వైపులా మిగిలారు. అందుకే మా ఇళ్ళకి తెలుగు చిట్కాలూ ఒడియా చిట్కాలూ రెండూ ఏ చెక్‌పోస్టులోనూ ఆగకుండా వచ్చేస్తాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి కుక్కతో కూడా వాడుక భాషలోనే మాట్లాడతాం. దాని వల్ల కుక్క మాట వింటుందని కాదు.

రసగుల్లా పాతపట్నంలో మా ఆవిడ పిన్నిగారింట పుట్టింది. అసలైన పమేరియన్ అని పిన్నిగారు ఒట్టేసి చెబుతారు. తల్లి సంగతి నిజమే, తండ్రి ఎవరో ఆ వీధిలో ఎవరికీ తెలీదు. కూరల సంచీలో వంకాయల మీద కూర్చుని రాష్ట్రం దాటి మా ఇంటికి వచ్చింది. తెల్లగా ఉందని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. ఒడిశా రసగుల్లాకి 2019లో జీఐ, అంటే ఫలానా ప్రాంతానిదన్న భౌగోళిక గుర్తింపు, వచ్చింది. మా దానికి ఏ గుర్తింపూ లేదు, గుండ్రటి పొట్ట ఒక్కటే ఉంది. తిండి చూస్తే కొంచెం, పొట్ట చూస్తే ఇంత. పైగా కూర్చున్న చోటల్లా గోక్కునేది. ఒకరోజు పొద్దున్నే వాంతి కూడా చేసుకుంది. దాంతో ఇంట్లో రెండు పెట్టెలు తెరుచుకున్నాయి.

మొదటిది మా మావగారి హోమియో పెట్టె. బడిపంతులుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయనకి అదే లోకం. చెక్కపెట్టె, అందులో వరసగా చిన్న సీసాలు, సీసాల నిండా తెల్లటి మాత్రలు. హోమియోని పుట్టించిన హానిమన్ గారి గురించి ఎంత దగ్గరివాడిలా మాట్లాడతారంటే, ఆ జర్మనీ డాక్టరు మా రాజావారి కోట వెనక వీధిలో అద్దెకుండి వెళ్ళాడేమో అని కొత్తవాళ్ళకి అనుమానం వస్తుంది. "1790లో సింకోనా బెరడు తన మీదే ప్రయోగం చేసుకున్నాడయ్యా మహానుభావుడు! ఇప్పటి డాక్టర్లలో ఒక్కడైనా తన మందు తాను తింటాడా?" అంటారు. రెండో పెట్టె మా అత్తగారి పోపులపెట్టె. ఆవిడ ఉపన్యాసాలివ్వరు, నేరుగా పూసేస్తారు.

మావగారు ముందుగా రోగిని ప్రశ్నించాలన్నారు. హోమియోలో రోగం కంటే రోగి ముఖ్యమట. కళ్ళజోడు పెట్టుకుని లావుపాటి పుస్తకం తెరిచి, రసగుల్లాని కుర్చీలో కూర్చోబెట్టారు. "దాహం చల్లటి నీళ్ళకా, వేడి నీళ్ళకా?" రసగుల్లా పుస్తకం అంచు కొరికింది. "కోపంగా ఉందా, దిగులుగా ఉందా?" మా అమ్మాయి దాని తరఫున, "ఆకలిగా ఉంది తాతయ్యా" అంది. "ఆకలి రాసుకున్నాను. కలలు ఏమొస్తాయి?" అన్నారు. నిద్రలో కాళ్ళు ఆడిస్తుంది కాబట్టి పరిగెత్తే కలలని నిర్ణయించారు. ముక్కు గోక్కుంటోందా అన్న ప్రశ్నకి మాత్రం రసగుల్లా తనే జవాబు చెప్పింది, వెనక కాలితో. ఆయన మొహం వెలిగిపోయింది. "నులిపురుగులు! దీనికి సినా. వాంతికి ముందు నక్స్ వామికా."

నక్స్ వామికా అంటే ముష్టి గింజ అని అత్తగారికి ఎవరు చెప్పారో గాని, వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేశారు. "ముష్టి గింజలా! వీధికుక్కల్ని చంపడానికి మునిసిపాలిటీ వాళ్ళు పెట్టిన విషం అదే కాదుటండీ?" నిజానికి ఆవిడ అన్నది తప్పేమీ కాదు. స్ట్రిక్నిన్ అనే ఆ విషం ఈ గింజల్లోంచే వస్తుంది. మావగారు చాలా శాంతంగా వివరించారు. ఒక చుక్క మందు తొంభై తొమ్మిది చుక్కల ద్రవంలో వేసి కుదపాలి. అందులోంచి ఒక చుక్క తీసి మళ్ళీ అంతే. ఇలా ముప్ఫై సార్లు చేస్తే 30 పొటెన్సీ. మా అమ్మాయి నోటు పుస్తకంలో లెక్క వేసి, ఒకటి పక్కన అరవై సున్నాలు వచ్చాయంది. "చూశావా? కాబట్టి భయమేం లేదే. ఇందులో విషమన్నది ఒక్క అణువు కూడా మిగలదు" అన్నారు మావగారు గెలిచినట్టు.

"మరి మందో?" అన్నారు అత్తగారు.

ఆ ప్రశ్నకి ఇంతవరకు జవాబు రాలేదు. ఆయన పుస్తకంలో పేజీ వెతుకుతూనే ఉన్నారు.

మాత్ర వేయడం సులువే, పంచదార కాబట్టి రసగుల్లా తోక ఊపుతూ తినేది. ఇబ్బందల్లా పత్యంతోనే. మందుకి ముందు అరగంట, తరవాత అరగంట నోట్లో ఏమీ పడకూడదు. ఈ నియమం పెట్టినవాడు కుక్కపిల్లని పెంచి ఉండడు. మాత్ర కరిగేలోపు చెప్పు తినేది, చెప్పు లాక్కుంటే చాప తినేది. మావగారు గడియారం పట్టుకుని దాని వెనక తిరిగేవారు. అద్దాల బీరువాలో ఒక కొమ్ము కొంగ ఉండేది. మా ఊరి పనివాళ్ళు పశువుల కొమ్ముని అరగదీసి చేసే బొమ్మ అది, పెళ్ళికి ఎవరో కానుకగా ఇచ్చారు. బీరువా తుడుస్తూ తలుపు తీసి ఉంచిన కాసేపట్లోనే కొంగకి ముక్కు పోయింది. కుక్కపిల్లకి పాలపళ్ళు ఇరవై ఎనిమిది, అన్నీ సూదులే. కొమ్ము కొరకడమంటే దానికి పండగ. మావగారికి మాత్రం కొంగ మీద దిగులు లేదు, కొమ్ము వల్ల సినా విరిగిపోతుందా అని పుస్తకం తిరగేశారు.

అత్తగారు ఊరుకోలేదు. నులిపురుగులకి వెల్లుల్లిని మించింది లేదని, నాలుగు రెబ్బలు దంచి పెరుగన్నంలో కలిపారు. గిన్నె కింద పెట్టబోతుంటే మావగారు అడ్డంపడ్డారు. "వెల్లుల్లా! ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, కర్పూరం ఏది తగిలినా నా మందు చచ్చిపోతుంది!" ఆ రోజు ఇంట్లో జరిగిన వాదన ప్రహరీ దాటి వినిపించింది. చివరికి వెల్లుల్లన్నం కాకులకి పోయింది. అత్తగారు ఓడినట్టు కనిపించారు. మా ఇంట్లో ఆవిడ ఓడినట్టు కనిపిస్తే జాగ్రత్తగా ఉండాలి.

మరుసటి గురువారం మావగారు పెన్షన్ పని మీద బ్యాంకుకి వెళ్ళారు. ఆయన గేటు దాటగానే అత్తగారు వేపాకు, పసుపు ముద్దగా నూరి, నువ్వుల నూనెలో కలిపి రసగుల్లాకి చెవి నుంచి తోక దాకా పట్టించేశారు. గోమార్లు చస్తాయి, దురద పోతుంది, చర్మం మెరుస్తుందని ఆవిడ లెక్క. పట్టించి, ఆరేదాకా కదలకు అని చెప్పి లోపలికి వెళ్ళారు. వాడుక భాషలోనే చెప్పారు.

అది కదలడమే కాదు, పరిగెత్తింది. హాల్లో సోఫా తొడుగుల మీదుగా, ఆరేసిన పంచెల కిందుగా, ఆఫీసుకి బయల్దేరుతున్న నా ప్యాంటుకి ఒళ్ళు రాసుకుని, ప్రహరీ సందులోంచి పక్కింట్లోకి దూరింది. పక్కింటి మావుసీ వాళ్ళది ఒడియా కుటుంబం. మార్గశిర గురువారాలు వాళ్ళకి లక్ష్మీపూజ రోజులు. తెల్లవారకముందే లేచి, వాకిట్లోంచి పూజగది దాకా బియ్యప్పిండి నీళ్ళతో జోటి ముగ్గు వేసి, మధ్యలో లక్ష్మీదేవి పాదాలు దించి, ధాన్యం నింపిన మాణం అనే కొలపాత్ర దగ్గర పూజ చేస్తారు. రసగుల్లా సరిగ్గా ఆ పాదాల పక్కనుంచే నడిచి వెళ్ళింది, ఒక్కటీ చెరపకుండా.

మావుసీ కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయింది. తెల్లటి పాదాల పక్కన పచ్చగా చిన్న చిన్న అడుగులు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం చూసింది. "మా ఆసిలే!" అని, అంటే అమ్మవారు వచ్చిందని, చేతులు జోడించి, వాళ్ళ కోడల్ని, మా అత్తగార్ని, పాలబ్బాయిని కేకేసింది. మేం వెళ్ళేసరికి అడుగుల వెంట పూలు కూడా పడ్డాయి. పూజగదిలో మాణం పక్కన కూర్చుని అమ్మవారు ప్రసాదం తింటూ ఉంది.

మావుసీ చాలా మంచిది, కొట్టలేదు. పసుపే కదా, శుభమే అంది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం చేతిలో చీపురు ఉంది.

మావగారు బ్యాంకు నుంచి వచ్చి పచ్చటి కుక్కని చూశారు, వాసన చూశారు. వేప, పసుపు, నూనె. ఇంత ఘాటు మధ్య సినా ఎలా బతుకుతుందని బాధపడ్డారు. అత్తగారు నిద్రపోయే వేళ చూసి, రసగుల్లాని పెరట్లోకి తీసుకెళ్ళి, చేతికందిన బట్టల సబ్బుతో రుద్దడం మొదలెట్టారు. రుద్దిన కొద్దీ పసుపు పోవాలి. పోలేదు సరికదా, పచ్చటి కుక్క ఎరుపెక్కడం మొదలైంది. నురగ ఎరుపు, నీళ్ళు ఎరుపు, ఆయన చేతులు ఎరుపు.

ఇక్కడ మరొకరైతే బెదిరిపోతారు. మావగారు సంబరపడ్డారు. హోమియోలో రోగం తగ్గే ముందు ఒకసారి పైకి తన్నుకొస్తుందట. "చూడండి, చూడండి! లోపలున్నదంతా చర్మంలోకి వచ్చేస్తోంది!" అని అందర్నీ పిలిచారు. అందరూ వచ్చారు. ప్రహరీ మీంచి మావుసీ "రక్త! రక్త!" అని గుండెలు బాదుకుంది. మా అమ్మాయి ఏడుపు అందుకుంది. మావుసీ కోడలు ఆటోకి ఫోన్ చేసింది. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, నింపాదిగా, "పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని తెలీదుటండీ? నలభై ఏళ్ళుగా ఇంట్లో పారాణి కలుపుతున్నాను, ఎప్పుడూ చూడలేదా?" అన్నారు. ఆవిడ మాట వినేవాళ్ళెవరూ అక్కడ మిగల్లేదు. అప్పటికే మేం తువ్వాలు చుట్టిన కుక్కతో ఆటోలో ఉన్నాం.

పశువుల డాక్టరు తడి దూది పెట్టి రుద్ది, దూదిని వాసన చూశాడు. "పసుపా, కుంకుమా?" అన్నాడు తెలుగులోనే. తరవాత ఒక్కొక్కటే అడిగాడు. చెప్పే కొద్దీ ఆయన కలం ఆగిపోయింది. చలికాలంలో ఇంత చిన్న పిల్లని తడపొద్దన్నాడు, ఒంటికి పూసిందల్లా నాకేస్తుందన్నాడు. ఒళ్ళు కాలిపోతోందని, మిరియాల కషాయం పడదామనుకున్నామని మా ఆవిడ చెబితే, కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీలు మామూలేనన్నాడు. పొట్టలో ఉన్నవి పురుగులేనన్నాడు. అవి చాలావరకు తల్లి కడుపులో ఉండగానే వస్తాయట, మిగిలినవి పాలతో. తూకం చూసి సిరప్ పట్టాడు. టీకా ఏదని అడిగితే అందరం కొంగ ముక్కు గురించి మాట్లాడాం. అప్పుడు ఆయన నవ్వడం మానేశాడు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది పడాలి, తరవాత మూడు నాలుగు వారాలకోటి, పదహారు వారాలు నిండేదాకా. మూడో నెలలో రేబిస్‌ది. పార్వో అనే వైరస్ జబ్బు వస్తే రక్త విరేచనాలతో పిల్ల రోజుల్లో పోతుంది, దాన్ని మాత్రలూ ఆపవు, పసుపూ ఆపదు అన్నాడు.

"వెల్లుల్లి గాని పెట్టారా?" అని చివర్లో అడిగాడు. పెట్టబోతే మా మావగారు ఆపారని, హోమియో మందు చెడిపోతుందని ఆపారని చెప్పాను. డాక్టరు లేచి మావగారికి చెయ్యి ఇచ్చాడు. "ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి రక్తకణాల్ని విరిచేస్తాయి సార్. మీ హోమియో ఈ కుక్కని కాపాడింది."

ఆ ఒక్క వాక్యం మావగారు ఊరంతా చెప్పారు, వెల్లుల్లి భాగం వదిలేసి. మర్నాడు పెరట్లో పురుగులు పడ్డప్పుడు ఆయన సినా సీసాకి దణ్ణం పెట్టారు. అత్తగారు వేపపసుపు గుణం అన్నారు. సిరప్ సీసా కిటికీలో అలాగే ఉంది, దాని తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

పసుపు ఎండకి నిలవదు. రోజూ పెరట్లో దొర్లి, రెండో టీకా నాటికి రసగుల్లా మళ్ళీ తెల్లగా అయిపోయింది. అందరం కలిసి తీసుకెళ్ళాం. ఆ రోజు డాక్టరు సెలవు, కాంపౌండరు ఉన్నాడు. కార్డు చూశాడు, కుక్కని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. మొదటిసారి రంగు అన్న గడిలో ఎవరో చూసింది చూసినట్టు ఎరుపు అని రాసి పెట్టారు.

"ఈ కార్డు ఎర్ర కుక్కది. దీనికి వేరే కార్డు కావాలి. వేరే కార్డంటే మళ్ళీ మొదటి డోసు నుంచి మొదలు" అన్నాడు. మేం వివరించాం. మావగారు హానిమన్ నుంచి మొదలెట్టారు. అతను చేతులు కట్టుకుని, "అదంతా నాకు తెలీదు సార్. ఎర్రదాన్ని తీసుకురండి, వేస్తాను" అన్నాడు.

అత్తగారు చేతిసంచి సర్దుకున్నారు. "ఒక్క గంట కూర్చో నాయనా. ఇంట్లో పసుపూ ఉంది, బట్టల సబ్బూ ఉంది."