మేనరికాన్ని తిట్టడం ఆపి, తల్లి వైపు ఎవరికి చూపు పోయిందో అడగండి

పాతికేళ్ళ కుర్రాడికి ఒక కన్ను మసకబారి, రెండు మూడు నెలల్లో రెండోదీ అలాగే అయితే మన చుట్టాలు మొదట అనే మాట, "మేనరికం కదా, అందుకే!" కంటి నరం దెబ్బతిని ఇలా చూపు పోయే లెబర్ జబ్బు విషయంలో ఇది శుద్ధ తప్పు. ఈ మాట పట్టుకుని కుమిలిపోయే తల్లిదండ్రులను తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ జబ్బును 1871లో జర్మన్ కంటి డాక్టరు లెబర్ వర్ణించారు. ప్రధాన కారణం 1988లో జన్యు శాస్త్రవేత్త డగ్లస్ వాలెస్ బృందానికి దొరికింది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సొంతంగా ఉండే 16,569 అక్షరాల డీఎన్ఏలో 11778వ చోట ఒక్క అక్షరం మారింది, అంతే. అది ఎన్‌డీ4 అనే జన్యువు. తిండి నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను అందుకుని ప్రోటాన్లను మైటోకాండ్రియా లోపలి పొర అవతలికి తోడే కాంప్లెక్స్ 1 అనే ప్రోటీన్ల యంత్రంలో ఒక భాగాన్ని తయారుచేసేది అదే. ఆ ప్రోటాన్లు వెనక్కి వచ్చేటప్పుడే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం పుడుతుంది. తోడటం కుంటుపడితే ముందు దెబ్బతినేవి కంటి నరంలోని సన్నని పోగులు, అందులోనూ నడిమి చూపువి. అందుకే పక్కనుంచి వచ్చే బండి కనిపిస్తుంది గానీ ఎదురుగా ఉన్న అమ్మ ముఖం కనిపించదు. నొప్పి ఉండదు.

ఈ డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. తండ్రి మేనమామ అయినా, ముక్కూమొహం తెలియనివాడైనా తేడా లేదు. పైగా జబ్బున్న మగవాడు తన పిల్లలకు దీన్ని ఇవ్వడు. అయినా అతని పెళ్ళి సంబంధాలు చెడగొడతారు! మేనత్త కూతుర్ని, మేనమామ కూతుర్ని చేసుకున్నా ఆ అమ్మాయి మైటోకాండ్రియా డీఎన్ఏ ఆమె తల్లిది కాబట్టి ఈ భయం లేదు. అక్క కూతురైతే మాత్రం ఆలోచించాలి, ఆమెదీ ఇదే తల్లి వరస. అప్పుడు కూడా పిల్లలకు వచ్చేది ఆమె నుంచే, అతని నుంచి కాదు.

అలాగని తల్లిని దోషిని చేయకండి. ఆమెకూ వాళ్ళమ్మ నుంచే వచ్చింది, చాలాసార్లు ఆమె చూపు చక్కగానే ఉంటుంది. ఈ మార్పు ఉన్న అందరికీ చూపు పోదు, పోయేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ.

డాక్టర్లకూ ఒక విన్నపం. నరం వాపని స్టెరాయిడ్లు రాసేముందు, "మేనమామలకు గానీ, పిన్ని, పెద్దమ్మల కొడుకులకు గానీ చిన్న వయసులో చూపు తగ్గిందా?" అని ఒక్కసారి అడగండి. అనుమానం వస్తే జన్యు పరీక్ష చేయించండి. యూరప్‌లో 2015 నుంచి ఐడెబెనోన్ మందుకు అనుమతి ఉంది, అది కొందరికి కొంత మేలు చేస్తోంది.

ఇంట్లో తమ్ముడుంటే అతనికి ఇవాళే చెప్పండి: సిగరెట్, తాగుడు మానేయమని, టీబీ వస్తే కంటి నరానికి హాని చేయగల ఇథాంబ్యుటాల్ అనే మందు వేసుకునేముందు డాక్టరుకు ఈ సంగతి చెప్పమని.