లాంగ్ మార్చ్-5బి 'అదుపు తప్పిందా'? ఆ సందేశంలో నిజమెంత

చైనా అంతరిక్ష కేంద్రం వార్తల్లోకి వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. 2021 మే నెలలో చైనా రాకెట్ ముక్క ఎక్కడ పడుతుందోనన్న భయం నుంచి పుట్టిన ప్రచారం అది. సారాంశం ఇది: "చైనా లాంగ్ మార్చ్-5బి రాకెట్ ఫెయిలై అదుపు తప్పింది. 20 టన్నుల ముక్క మన నగరాల మీద పడబోతోంది. దాని నిండా విషపు ఇంధనం. రష్యాని చూసి కాపీ కొట్టిన రాకెట్లు ఇలాగే ఉంటాయి. ఇలాంటి పని ప్రపంచంలో ఇంకెవరూ చేయరు, మన ఇస్రో అసలే చేయదు. ప్రాణాలు పోయినా అడగడానికి చట్టం లేదు."

ఇందులోని కోపాన్ని నేను తప్పు పట్టను. ఆ కోపానికి కారణం ఉంది. కానీ చెప్పిన సంగతుల్లో చాలావరకు తప్పులే. పైగా ఆ తప్పుల వల్ల నిలదీయాల్సిన వాళ్ళు తప్పించుకుంటున్నారు.

ముందు 'ఫెయిలైంది' అన్న మాట. 2021 ఏప్రిల్ 29న హైనాన్ దీవిలోని వెన్‌చాంగ్ నుంచి లేచిన ఆ రాకెట్, 22 టన్నులకు పైగా బరువున్న తియాన్‌హే మాడ్యూల్‌ని అనుకున్న కక్ష్యలోనే పెట్టింది. చైనా అంతరిక్ష కేంద్రానికి ఆ తియాన్‌హేనే మూలభాగం. ఈ రాకెట్ కుటుంబంలో నిజంగా విఫలమైన ప్రయోగం వేరే ఉంది. 2017 జూలై 2న లాంగ్ మార్చ్-5 రెండోసారి ఎగిరినప్పుడు వైఎఫ్-77 ఇంజన్‌లో ఇంధనాన్ని తోసే టర్బోపంపులో లోపం వచ్చి ఉపగ్రహం పోయింది. దాన్ని సరిచేసుకుని మళ్ళీ ఎగరడానికి 2019 డిసెంబరు 27 దాకా పట్టింది. ఆ తర్వాత 2020లో అదే రాకెట్ తియాన్‌వెన్-1ని అంగారకుడి వైపు, చాంగే-5ని చంద్రుడి వైపు పంపింది.

ఇక 'అదుపు తప్పింది'. మొత్తం సందేశంలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

మామూలు లాంగ్ మార్చ్-5లో మధ్యన 5 మీటర్ల వ్యాసమున్న కోర్ దశ ఉంటుంది. అందులో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతో మండే 2 వైఎఫ్-77 ఇంజన్లుంటాయి. చుట్టూ 4 బూస్టర్లు, ఒక్కో దాంట్లో కిరోసిన్‌తో నడిచే 2 వైఎఫ్-100 ఇంజన్లు. కోర్ పైన రెండో దశ. కోర్ దశ కక్ష్యకి కావలసిన వేగం అందుకోకముందే విడిపోయి సముద్రంలో పడుతుంది. ఎక్కడ పడేదీ ముందే లెక్క వేసి ఓడలకూ విమానాలకూ చెబుతారు. మిగతా పని రెండో దశది.

5బిలో ఆ రెండో దశని తీసేశారు. అంతరిక్ష కేంద్రం మాడ్యూళ్ళు బరువైనవి, వెళ్ళాల్సింది తక్కువ ఎత్తు కక్ష్యకి. పైకెళ్ళాక ఇంకో దశ ఇంజన్ వెలిగించే పని లేకపోతే చెడిపోయే అవకాశం ఆ మేరకు తగ్గుతుంది, పైన మాడ్యూల్‌కి చోటు కూడా ఎక్కువ దొరుకుతుంది. ఇంజనీరింగ్‌గా చూస్తే తెలివైన ఆలోచనే. కానీ దానికో ఖరీదు ఉంది. మాడ్యూల్‌తో పాటు కోర్ దశ కూడా కక్ష్యలోకి వెళ్ళిపోతుంది. సుమారు 30 మీటర్ల పొడవు, ఇంధనం అయిపోయాక కూడా 20 టన్నులకు పైగా బరువున్న వస్తువు అది. వైఎఫ్-77ని ఆకాశంలో రెండోసారి వెలిగించే ఏర్పాటు లేదు. కాబట్టి దాన్ని కావాలనుకున్న చోట కిందికి దించే దారీ లేదు. పైపొరల్లోని పల్చటి గాలి రాపిడికి రోజురోజుకీ ఎత్తు తగ్గి, ఎప్పుడో ఎక్కడో పడుతుంది.

ఇది ప్రయోగం రోజున బయటపడిన సమస్య కాదు, డ్రాయింగు గీసిన రోజే తెలిసిన సంగతి. 2020 మే 5న 5బి మొదటిసారి ఎగిరింది. వారం తిరగకుండానే, మే 11న, దాని కోర్ అట్లాంటిక్ మీదుగా కూలింది. ఐవరీ కోస్ట్ గ్రామాల్లో పొడవాటి లోహపు గొట్టాలు దొరికాయి. అది చూశాక కూడా 2021 ఏప్రిల్‌లో అదే పద్ధతి, 2022 జూలై 24న అదే, 2022 అక్టోబరు 31న మళ్ళీ అదే. జూలైలో వెళ్ళిన దాని ముక్కలు బోర్నియో దీవిలో దొరికాయి. నవంబరు 4న చివరిది పడబోయే ముందు స్పెయిన్ తన గగనతలంలో కొంత భాగాన్ని కాసేపు మూసేయాల్సి వచ్చింది.

వేరే దారి లేకపోయిందా? ఉంది. అమెరికా స్పేస్ షటిల్ కింద ఉండే పెద్ద నారింజ రంగు ట్యాంకుని కక్ష్యకి కొద్దిగా ముందే వదిలేసేవారు. అది జనంలేని సముద్రం మీద పడేది. షటిల్ తన చిన్న ఇంజన్లతో మిగిలిన కాస్త వేగం అందుకునేది. 5బిలో కూడా కోర్‌ని కొంచెం ముందే ఆపి, మిగతాది మాడ్యూల్‌కి వదిలేయొచ్చు. లేదా కిందికి దించడానికి చిన్న ఇంజన్లు పెట్టొచ్చు. అలా చేస్తే మోసే బరువు కొంత తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఆ రెండూ భరించడం కంటే భూమ్మీద ఎవరికో ఒకరికి రిస్క్ ఉండటమే నయం అనుకున్నారు. యంత్రం చెడిపోయిందంటే 'పాపం, ఏం చేస్తారు' అని వదిలేస్తాం. ఇది కొందరు కూర్చుని తీసుకున్న నిర్ణయం. నాకు కోపం తెప్పించేది అదే.

నగరాల మీద పడబోతోందన్న జోస్యం సంగతి. ఆ కక్ష్య భూమధ్యరేఖకి 41.5 డిగ్రీల వాలులో ఉంది. అంటే ఉత్తరాన 41.5 నుంచి దక్షిణాన 41.5 డిగ్రీల దాకా ఎక్కడైనా పడొచ్చు. మన దేశం మొత్తం ఆ పట్టీలోనే ఉంది, కాబట్టి ప్రమాదం సున్నా అని ఎవరూ అనలేరు. కానీ గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే వస్తువు విషయంలో అంచనా అరగంట అటూ ఇటూ అయితే ఖండాలు మారిపోతాయి. ముందు రోజు కూడా ఊరి పేరు చెప్పగలిగినవాళ్ళు లేరు. చెప్పినవాళ్ళు కల్పించి చెప్పారు. చివరికి 2021 మే 9 ఆదివారం ఉదయం, మన టైం ప్రకారం 8 కావస్తుండగా, మాల్దీవులకు దగ్గర్లో హిందూ మహాసముద్రం మీద కూలింది.

అలాగని చైనా విదేశాంగ శాఖ అప్పుడు ఇచ్చిన భరోసాని కూడా నేను ఒప్పుకోను. చాలా భాగం గాలిలోనే కాలిపోతుంది, హాని జరిగే అవకాశం అతి తక్కువ అన్నారు. పెద్ద వస్తువులు పడ్డప్పుడు బరువులో 20 నుంచి 40 శాతం దాకా నేల చేరవచ్చని నిపుణుల సాధారణ అంచనా. 20 టన్నుల్లో అది 4 టన్నుల నుంచి 8 టన్నులు.

విషపు ఇంధనం అన్నది మాత్రం వేరే రాకెట్ కథ. ఎర్రటి పొగ కక్కుతూ ఊళ్ళ పక్కన బూస్టర్లు పడే వీడియోలు నిజమైనవే. అవి షిచాంగ్ లాంటి, సముద్రానికి దూరంగా దేశం లోపల ఉన్న ప్రయోగ కేంద్రాల నుంచి లేచే పాత లాంగ్ మార్చ్‌లవి, ముఖ్యంగా 3బివి. వాటి బూస్టర్లలో వాడే హైడ్రజీన్ రకం ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ నిజంగా ప్రమాదకరం. ఆ బాధ పడుతున్నది చైనా పల్లెల వాళ్ళు. 5బిలో వాడేది కిరోసిన్, హైడ్రోజన్, ఆక్సిజన్. మనకి దగ్గరగా పడింది కూడా 3బినే. 2022 ఏప్రిల్ 2 రాత్రి తెలంగాణ సరిహద్దునున్న చంద్రాపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు, గుండ్రటి ట్యాంకులు దొరికాయి. అవి 2021 ఫిబ్రవరిలో ఎగిరిన 3బి మూడో దశవని నిపుణులు అంచనా వేశారు.

కాపీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చైనా క్షిపణులు 1950ల్లో సోవియట్ ఆర్-2తో మొదలైన మాట నిజం. 1970 ఏప్రిల్ 24న సొంత రాకెట్‌తో సొంత ఉపగ్రహాన్ని పంపిన దేశం ఇన్నేళ్ళూ అక్కడే ఆగిపోలేదు. అయినా 5బి కోర్ కక్ష్యలో మిగిలిపోవడానికీ దానికీ సంబంధం లేదు.

'ఇంకెవరూ చేయరు' అన్నది చరిత్ర తెలియక అన్న మాట. 1979 జూలై 11న అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్, 70 టన్నులకు పైగా బరువుతో, ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది. ఆ భయంతో మన పల్లెల్లో కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నారని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 1991లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూట్-7 అర్జెంటీనా మీద కూలింది. 2021 మార్చిలో స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9 రెండో దశ అమెరికాలోనే పడి, ఒక పొలంలో ట్యాంకు దొరికింది. దాన్ని దించాలని ముందే అనుకున్నారు, ఆ పని కుదరలేదు. 5బికి అసలు అలాంటి ప్రయత్నమే లేదు.

మన ఇస్రో సంగతీ దాచక్కర్లేదు. చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం3 రాకెట్ క్రయోజెనిక్ పైదశ 2023 నవంబరు 15న ఉత్తర పసిఫిక్ మీద ఇలాగే అదుపు లేకుండానే కూలింది. ఇస్రోనే ఆ విషయం ప్రకటించింది. బరువులో అది 5బి కోర్‌కి చాలా దూరం. తేడా పరిమాణంలో ఉంది, పదేపదే చేయడంలో ఉంది. ఎవరో ఒకరికి గాయమయ్యే అవకాశం 10 వేలల్లో 1 కంటే ఎక్కువ ఉండకూడదన్నది అమెరికా పెట్టుకున్న హద్దు. అది కూడా ఆ దేశం తనకు తాను పెట్టుకున్నదే.

చివరిది చట్టం. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, భూమ్మీద జరిగే నష్టానికి ప్రయోగించిన దేశానిదే పూర్తి బాధ్యత. తప్పు ఎవరిదో నిరూపించాల్సిన పని కూడా లేదు. 1978 జనవరిలో అణు రియాక్టరున్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడా మంచులో పడితే, ఆ దేశం పరిహారం అడిగింది, సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది. కాబట్టి నష్టం జరిగాక అడిగే దారి ఉంది. లేనిదల్లా, 20 టన్నుల దశని కక్ష్యలో వదిలే రాకెట్‌ని ఎగరక ముందే ఆపగల నియమం.