సబ్‌మెరైన్ సినిమాలు దాచిపెట్టిన సంగతులు

1942 సెప్టెంబరులో సీడ్రాగన్ అనే అమెరికా జలాంతర్గామి దక్షిణ చైనా సముద్రంలో ఉండగా, డారెల్ రెక్టర్ అనే కుర్ర నావికుడికి అపెండిసైటిస్ ముదిరింది. లోపల డాక్టర్ లేడు. మందులు చూసుకునే వీలర్ లైప్స్ ఒక్కడే దిక్కు. నీళ్ళ అడుగునే రెక్టర్‌ను బల్ల మీద పడుకోబెట్టారు. టీ వడగట్టే జల్లెడకు గాజుగుడ్డ చుట్టి ఈథర్ అనే మత్తుమందు పట్టించారు. వంటగది చెంచాలు వంచి కోత అంచులు మూసుకుపోకుండా పట్టుకున్నారు. రెక్టర్ బతికాడు. ఇలాంటి ఆపరేషన్ ఘట్టాన్నే 1943 చివర్లో హాలీవుడ్ ‘డెస్టినేషన్ టోక్యో’లో పెట్టింది. క్యారీ గ్రాంట్ అందులో కెప్టెన్.

రెక్టర్ కథ అక్కడితో అయిపోలేదు. 1944 అక్టోబరులో అతను టాంగ్ అనే మరో జలాంతర్గామిలో ఉన్నాడు. అది వదిలిన చివరి టార్పెడో, అంటే నీళ్ళలో దూసుకెళ్ళి ఓడను పేల్చే ఆయుధం, దారి తప్పి, గుండ్రంగా తిరిగొచ్చి దాన్నే తాకింది. 87 మందిలో 78 మంది చనిపోయారు. వాళ్ళలో రెక్టర్ ఒకడు.

యుద్ధకాలపు ప్రచార చిత్రాలను సరదాగా చూసి వదిలేయడం తగదని మేము అనడానికి ఇలాంటి కథలే కారణం. శత్రువును రాక్షసుడిగా చూపిస్తాయన్నది అందరికీ తెలిసిన ఫిర్యాదే. అంతకంటే మాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఎవరిని వీరులని నెత్తిన పెట్టుకుంటాయో, ముందు వాళ్ళనే మోసం చేస్తాయి. యుద్ధం మొదలైన దాదాపు రెండేళ్ళ దాకా అమెరికా టార్పెడోలు సరిగ్గా పనిచేయలేదు. చెప్పిన లోతు కంటే కిందికి పోయేవి, ఓడను తాకినా పేలేవి కావు. కెప్టెన్లు మొత్తుకుంటే, తయారుచేసిన విభాగం గురి తప్పింది మీరేనంది. యుద్ధం నడుస్తుండగా ఈ లోపాన్ని తెర మీద చెప్పలేరు, అది మేమూ ఒప్పుకుంటాం. అయితే యుద్ధం ముగిసి ఎనభై ఏళ్ళు దాటినా ఆ సినిమాలు నేర్పిన బొమ్మే మన మనసుల్లో ఉంది: గురి చూడటం, మీట నొక్కడం, అవతల ఓడ పేలడం.

జర్మనీలో ఈ మోసం ఇంకా ఘోరం. హిట్లర్ ఛాన్సలర్ అయిన మూడు రోజులకే, 1933 ఫిబ్రవరి 2న, బెర్లిన్‌లో ‘మోర్గెన్‌రోట్’ సినిమా చూడటానికి వెళ్ళాడు. ఆ కథలో మునిగిన జలాంతర్గామిలో పది మంది చిక్కుకుంటారు, ప్రాణరక్షణ పరికరాలు ఎనిమిదే ఉంటాయి. మిగతావాళ్ళు బతకాలని ఇద్దరు తమను తామే కాల్చుకుంటారు. బతకడం మాకు సరిగ్గా రాకపోవచ్చు, చావడం మాత్రం అద్భుతంగా వచ్చు అని అందులో ఒక డైలాగు. 1941లో వచ్చిన ‘యు-బోటె వెస్ట్‌వార్ట్స్’లో జలాంతర్గాముల దళాధిపతి డోనిట్జ్ స్వయంగా కనిపించాడు. ఆ దళంలో పనిచేసిన సుమారు 40 వేల మందిలో దాదాపు 30 వేల మంది తిరిగి రాలేదు. 1943 మే ఒక్క నెలలోనే 41 జలాంతర్గాములు పోయాయి. అందులో ఒకదానిలో డోనిట్జ్ కొడుకు పీటర్ ఉన్నాడు.

అసలు సిబ్బంది ఎలా ఉండేవాళ్ళు? ఆస్కార్ కుష్ అనే కెప్టెన్ తన జలాంతర్గామి గదిలో వేలాడుతున్న హిట్లర్ పటాన్ని తీయించేశాడు. ఇక్కడ విగ్రహారాధన లేదన్నాడు. ఆయన కింద పనిచేసిన అధికారే ఫిర్యాదు చేశాడు. 1944 మే 12న కీల్‌లో కుష్‌ను కాల్చి చంపారు. డోనిట్జ్‌ను చూపించిన సినిమాల్లో ఇలాంటి మనిషికి చోటుండదు.

బ్రిటన్ కాస్త నయం. 1943లో ప్రభుత్వ సంస్థ క్రౌన్ ఫిల్మ్ యూనిట్ తీసిన ‘క్లోజ్ క్వార్టర్స్’లో నటులకు బదులు నిజమైన నావికులే కనిపిస్తారు. అదీ ప్రచారమే, అయినా ఆ ముఖాల్లో పని తెలిసినవాళ్ళ అలసట ఉంది.

మళ్ళీ ‘డెస్టినేషన్ టోక్యో’కి వద్దాం. నీళ్ళలో పడిన జపాన్ పైలట్‌ను పైకి లాగబోయిన అమెరికన్‌ను ఆ పైలట్ కత్తితో పొడిచి చంపుతాడు. ఆ సినిమా వచ్చిన 1943లోనే, జనవరి 26న, వాహూ అనే నిజమైన అమెరికా జలాంతర్గామి బుయో మారు ఓడను ముంచి, నీళ్ళలో పడవల్లో ఉన్నవాళ్ళ మీద కాల్పులు జరిపింది. ఆ ఓడలో జపాన్ సైనికులతో పాటు, వాళ్ళకు ఖైదీలుగా చిక్కిన పంజాబ్ రెజిమెంటు భారతీయులు కూడా ఉన్నారు. ఆ ఘటనలో మొత్తం 195 మంది భారతీయులు, 87 మంది జపాన్‌వాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. పైకి చూస్తే అది శత్రువు ఓడే. అందులో మనవాళ్ళున్నారని, లోపలి నుంచి నీళ్ళ పైకి చూసే పెరిస్కోప్‌కు తెలిసే అవకాశం లేదు. ఆ 195 మంది గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలని మేము కోరుతున్నాం.

ఇక మన తీరం సంగతి. 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ దగ్గర పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. 90 మందికి పైగా చనిపోయారు. రాజ్‌పుత్ యుద్ధనౌక దెబ్బకే మునిగిందని మన నేవీ చెబుతుంది, అది నీళ్ళలో అమర్చిన సొంత మందుపాతర (మైన్) పేలుడే కారణమని పాకిస్థాన్ అంటుంది. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా మాత్రం మన జలాంతర్గామే వేటాడి ముంచినట్టు చూపింది. శ్రద్ధగా తీసిన సినిమా, జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ చూసిన కుర్రాళ్ళలో చాలామందికి అదే చరిత్ర అయి కూర్చుంది. ఇది కల్పితమని సినిమా ముందు రెండు లైన్లు వేస్తే చాలదు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన ఐఎన్ఎస్ కురుసురాలోకి వెళ్ళే పిల్లలకు ఈ వాదనలన్నీ, ఇరువైపులా పోయిన ప్రాణాల లెక్కతో సహా, తెలుగులో రాసిన బోర్డు మీద చదివే వీలుండాలి. నేవీ, నగర అధికారులు కూర్చుని చేయగలిగిన పనే ఇది. డిసెంబరు 4న వచ్చే నేవీ డేకి ముందే ఆ పని పూర్తిచేయాలి.