ఆన్‌లైన్ బేరం: ధర తగ్గింది సరే, ఎందుకు తగ్గింది?

భీమవరంలో కూర్చుని హైదరాబాద్ కారుకు, అమలాపురంలో కూర్చుని కాకినాడ ఫ్లాటుకు బేరమాడే రోజులివి. ఒకే మోడల్, ఒకే ఏడాది, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన రెండు కార్లలో ఒకటి లక్ష తక్కువకు కనిపిస్తే, ఆ లక్షను అమ్మేవాడు ఊరికే వదులుకోడు. గోదావరి డెల్టాలో ఆ తగ్గింపుకు కారణం చాలాసార్లు నీరు, కాకపోతే కాగితం. ప్రకటనలో ఈ రెండూ కనపడవు. వాటిని బయటపెట్టే రికార్డులు మాత్రం ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి, చాలావరకు ప్రభుత్వ పోర్టళ్లలో. అమ్మకాల యాప్‌లో వారాల తరబడి వెతికేవాళ్లు ఈ పోర్టళ్ల మీద అరగంట పెట్టరు. డబ్బు పోయేది అక్కడే.

కార్ల సంగతి ముందు చూద్దాం. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి, ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. బీమా కంపెనీలు పూర్తి నష్టంగా తేల్చిన బళ్లు వేలానికి వెళ్తాయి. అక్కడ కొన్నవాళ్లు కడిగి, సీటు కవర్లు మార్చి మళ్లీ రోడ్డెక్కిస్తే మొదట చేరేది చుట్టుపక్కల జిల్లాలకే. నంబరు చూసి కారు ఏ ఊరిదో పోల్చుకునే వీలూ ఇప్పుడు లేదు. ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, 37 అంటే పశ్చిమ గోదావరి, 16 అంటే కృష్ణా అని చెప్పగలిగే రోజులు 2019లో ఏపీ 39 సిరీస్ రాష్ట్రమంతటికీ రావడంతో పోయాయి. కేంద్ర ప్రభుత్వ వాహన రికార్డుల యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఏ ఆర్టీవోలో రిజిస్టరైందో, ఎన్నో యజమానో, అప్పు ఉందో లేదో, బీమా ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. మునిగిందా లేదా అన్నది మాత్రం అక్కడ ఉండదు.

అది చెప్పేది బీమా పాలసీ కాగితం. క్లెయిమ్ చేయని ఓనరుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. క్లెయిమ్ పడితే సున్నాకు వస్తుంది. ఒకే చేతిలో ఐదేళ్లున్న కారు పాలసీలో బోనస్ సున్నా ఉంటే, ఆ ముందు ఏడాది ఏం జరిగిందో అమ్మేవాడు చెప్పాలి. పాలసీ మూడు నెలలకు మించి తెగిపోయినా బోనస్ పోతుంది కాబట్టి పాత పాలసీలు కూడా అడగండి. విజయవాడ కారైతే 2024 సెప్టెంబర్ తర్వాత రెన్యువల్ అయిన మొదటి పాలసీ ముఖ్యం.

ఇక బండి దగ్గరకు వెళ్లాక సీటు బెల్టును చివరిదాకా లాగండి. బయటికి కనపడే మూర శుభ్రంగా ఉన్నా, చుట్టలో లోపలుండే భాగానికి ఒండ్రు గీత అంటుకుని ఉంటుంది. బెల్టు మార్చకుండా ఆ గీతను దాచడం కష్టం. అందుకే బెల్టు మీదున్న తయారీ తేదీని కారు తయారీ నెలతో పోల్చాలి. సీటు పట్టాల కింది బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, హెడ్‌లైటు లోపల ఆవిరి కూడా చూడాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తీరంలో తిరిగిన బండికీ రొయ్యల ట్రేలు మోసిన పికప్‌కీ కింద ఛాసిస్‌కు ఉప్పు తుప్పు పడుతుంది. ఫొటోలు పై నుంచే తీస్తారు, మీరు ర్యాంపు ఎక్కించి కింద నుంచి చూడండి.

తెలంగాణ నంబరు కారు చవగ్గా దొరికితే ఆ ధరకు మన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్ కలుపుకోండి. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. లోను తీరినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంటే ముందు ఫారం 35తో దాన్ని తీయించాలి. ఇంకో లెక్క కూడా వేసుకోండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగి కొత్త కార్లే చౌకయ్యాయి. అమ్మేవాడు అంతకు ముందు కొన్న రేటు చూపించి బేరం మొదలుపెడితే ఒప్పుకోవద్దు, ఇవాళ్టి షోరూం ధర నుంచి కిందికి లెక్క కట్టండి.

ఇంటి స్థలం విషయంలో చూడాల్సింది మెరకా పల్లమా అన్నది. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో ఉచితం. అందులో పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాది వెనక ఏడాది తిప్పి చూడొచ్చు. ఇవాళ రంగు రాళ్లు పాతిన లేఅవుట్ పదేళ్ల కిందట రొయ్యల చెరువై ఉంటే తెరమీదే తెలిసిపోతుంది. బుసక పోసి మెరక చేసిన చెరువు నేల ఏళ్ల తరబడి కుంగుతుంది, పునాదికి అయ్యే అదనపు ఖర్చు గజం రేటులో మిగిలిందాన్ని తినేస్తుంది. విస్తీర్ణం కూడా సరిచూడాలి: సెంటుకు 48.4 గజాలు, ఐదు సెంట్లంటే 242. ప్రకటనలో ఐదు సెంట్లని రాసి దస్తావేజులో 225 గజాలుంటే మీకు ధర తగ్గనట్టే.

కట్టిన ఇల్లయితే కింది మూడడుగుల గోడకే కొత్త రంగు వేశారేమో గమనించండి, ఉప్పు చెమ్మకు ప్లాస్టరు పెళ్లలు రాలేది అక్కడే. రోడ్డు ఎత్తు పెరుగుతూ పోయిన ఊళ్లలో పాత ఇంటి అరుగు రోడ్డు కంటే కిందికి దిగిపోయి ఉంటుంది, వానొస్తే కాలువ నీరు లోపలికే. లంకల దగ్గరైతే 1986, 2022 గోదావరి వరదల్లో నీరు ఎంతదాకా వచ్చిందో పక్కింటి పెద్దవాళ్లను అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. బోరు నీటిలో కరిగిన లవణాలెన్నో టీడీఎస్ మీటరుతో చూడండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మేలు, 2000 దాటితే తాగడానికి పనికిరాదు.

కాగితాలకు వస్తే, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. ఈసీ నిల్‌గా వచ్చిందని బయానా ఇచ్చేయకండి. రిజిస్టరు కాని ఒప్పందం, నోటిమాట పంపకం, కోర్టు దావా అందులో రావు. పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కూడా రాకపోవచ్చు. దానికి బ్యాంకు తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ సైట్‌లో కొద్దిపాటి రుసుముతో వెతకొచ్చు. దేవాదాయ, అసైన్డ్ భూములు ఎక్కువున్న కోనసీమలో 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా) సర్వే నంబరు చూడకుండా అడుగు వేయకూడదు.

నిజంగా చౌక దొరికేది బ్యాంకు వేలంలో. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులు బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో ఉంటాయి. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ వెతకండి. ముప్పై లక్షల రిజర్వు ధర (పాట మొదలయ్యే కనీస ధర) ఉన్న ఇంటికి ధరావతు, అంటే పాటకు ముందు కట్టే డిపాజిట్, సాధారణంగా పది శాతం, మూడు లక్షలు. పాట 32 లక్షల దగ్గర మీకు ఖాయమైతే అందులో నాలుగో వంతు, ఎనిమిది లక్షలు, ఆ రోజే లేదా మర్నాటి పనిదినానికల్లా కట్టాలి. ధరావతు పోను ఐదు. మిగతా 24 లక్షలకు గడువు వేలం ఖరారైన నాటి నుంచి పదిహేను రోజులు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించవచ్చు. పాట పాడాక లోనుకు తిరిగితే అది ఈ గడువులో చేతికి రావడం కష్టం, కట్టలేకపోతే ఎనిమిది లక్షలూ పోతాయి. లోను మంజూరు పత్రం చేతిలో ఉన్నాకే పాటకు దిగాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం లెక్కన మరో 2.40 లక్షలు. ఇంటి పన్ను, కరెంటు బకాయిలు వేరు. సర్వీసు నంబరు దొరికితే కరెంటు బకాయి ఆన్‌లైన్‌లోనే చూసుకోవచ్చు.

నోటీసులో స్వాధీనం సింబాలిక్ అని ఉందో ఫిజికల్ అని ఉందో ఆ ఒక్క మాట పట్టి చూడండి. సింబాలిక్ అంటే బ్యాంకు స్వాధీనం కాగితం మీదే, తాళం ఇంకా పాత యజమాని దగ్గరే ఉంది, చాలాసార్లు మనుషులు కాపురం ఉంటారు. వాళ్లను ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవాలి, ఈలోగా వాళ్లు డీఆర్‌టీలో (బ్యాంకు బకాయిల ట్రైబ్యునల్) స్టే అడగవచ్చు. మీ 32 లక్షలకు వడ్డీ మాత్రం కట్టిన రోజు నుంచే నడుస్తుంది. అలాంటి ఆస్తికి పాట పాడే ముందు కనీసం ఏడాది వడ్డీ, ఏడాది అద్దె కలిపి ధరలోంచి తీసేయండి. అలా తీసేశాక కూడా బయటి రేటు కంటే తక్కువలో వస్తుందనుకుంటేనే ధరావతు కట్టండి.