కార్బురేటర్ మార్చేస్తే చాలంటున్నారు కదా, కాస్త ఆగండి

ఒంగోలు నుంచి కావలి దాకా సర్వి, జామాయిల్ కోతల వాళ్ళ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చెట్లు కోసే మోటారు రంపం, అంటే చైన్ సా గురించి. సంగతి ఇది: "పాత చైన్ సా స్టార్ట్ కాకపోతే అది కార్బురేటరే. రిపేరు చేయించడం దండగ. ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించి రెండు నట్లు విప్పి బిగించుకోండి, అన్నీ ఒకటే. బిగించాక హెచ్ స్క్రూ లోపలికి తిప్పితే పవర్ పెరుగుతుంది. పాత ఇంజన్ కాబట్టి టూ టీ ఆయిల్ రెట్టింపు పోయండి."

చదవడానికి హాయిగానే ఉంది. ఇందులో ఒక్క ముక్క మాత్రం కొన్ని మిషన్ల విషయంలో నిజం, అది తర్వాత చెబుతాను. మిగతాదంతా నమ్మితే ముందు డబ్బు పోతుంది, ఆ తర్వాత పిస్టన్ పోతుంది.

కార్బురేటర్ అంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించే భాగం. "స్టార్ట్ కాకపోతే కార్బురేటరే" అన్నారు. ఎలా తెలిసింది? స్పార్క్ ప్లగ్గు విప్పి చూశారా? కాసేపు తాడు లాగాక ప్లగ్గు తడిగా ఉందంటే పెట్రోలు లోపలికి వస్తోందన్నమాట, అప్పుడు చూడాల్సింది స్పార్క్. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు, అయినా నేరం కార్బురేటర్‌దే అని అప్పుడే తేలిపోలేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ నోట్లో ఆయిల్ కలిపిన పెట్రోలు నాలుగు చుక్కలు వేసి (బీడీ ఆర్పేసి, దయచేసి), ఫిల్టర్ పెట్టి లాగండి. ఒక్క క్షణం పట్టుకుని ఆగిపోతే స్పార్క్ బాగుంది, పెట్రోలు సరఫరాలోనే తేడా ఉంది. ఆ సరఫరాలో కార్బురేటర్ కంటే ముందు వచ్చేవి రెండు: ట్యాంకులో ఉండే చిన్న ఫిల్టర్, దానికి తగిలించిన రబ్బరు పైపు. పాత మిషన్లలో ఈ పైపు గట్టిపడి, వంపు దగ్గర పైకి కనపడనంత సన్నగా పగులుతుంది. పెట్రోలుకు బదులు గాలి పీలుస్తుంది. దీనికి మీరు కార్బురేటర్ మార్చి ఏం లాభం?

ఇంకొకటి. పది నిమిషాలు బాగా కోసి, ఆ తర్వాత నీరసించి ఆగిపోయి, ట్యాంకు మూత వదులు చేయగానే ఉస్సుమని గాలి లోపలికి పోయి మళ్ళీ స్టార్ట్ అవుతోందా? ట్యాంకుకు గాలి అందించే దారి మూసుకుపోయింది. చిన్న భాగం, చిన్న పని. సైలెన్సర్ కార్బన్‌తో పూడుకుపోయినా మిషన్‌కు ఊపిరి ఆడదు. కంప్రెషన్ పోయిన బోరుకు, అంటే లోపల ఒత్తిడి నిలవని సిలిండర్‌కు, ఏ కార్బురేటర్ పెట్టినా ఒకటే.

ఇక "రిపేరు దండగ" అన్న మాట. బైకు కార్బురేటర్‌లో ఫ్లోట్ ఉంటుంది, అది నిటారుగా ఉంటేనే పని చేస్తుంది. చైన్ సాను పక్కకు, తలకిందులుగా ఎలా తిప్పినా ఆడాలి కాబట్టి దీంట్లో ఫ్లోట్ ఉండదు, దాని బదులు రెండు పల్చటి పొరలు, అంటే డయాఫ్రమ్‌లు ఉంటాయి. ఒకటి క్రాంక్ కేసులో, అంటే పిస్టన్ కింది గదిలో, ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉండటాన్ని వాడుకుని పెట్రోలును ట్యాంకు నుంచి లాగుతుంది. రెండోది ఒక చిన్న లీవరును నొక్కి, పెట్రోలు దారిని మూసి ఉంచే నీడిల్‌ను తెరుస్తుంది. వాల్‌బ్రో కంపెనీ కార్బురేటర్ అయినా జామా కంపెనీది అయినా పద్ధతి ఇదే. పాడయ్యేది ఎక్కువగా ఈ పొరలూ, నీడిలూ, లోపలి జల్లెడా. అల్యూమినియం బాడీ అంత తేలిగ్గా పోదు. ఈ చిన్న భాగాలన్నీ కలిపి రిపేరు కిట్‌గా దొరుకుతాయి. మొత్తం పారేయడమంటే పంపు వాషర్ పోయిందని బోరుబావి కొత్తది వేయించినట్టు.

పొరలు ఎందుకు గట్టిపడతాయంటే పెట్రోలు ట్యాంకులో వదిలేసి నెలల తరబడి మూల పెట్టడం వల్ల. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది. పాత మోడళ్ళ రబ్బరు దానికోసం తయారైంది కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు గాలీ వానా ఎలా ఉన్నాయో గుర్తుందిగా, అలాంటప్పుడు పడిన చెట్లు కోయడానికి అటక మీది మిషన్ దించి తాడు లాగితే అది పలకకపోవడంలో వింతేముంది, నిరుటి పెట్రోలు అందులోనే ఉంటే. మూల పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఆడించండి.

కిట్ వేసేటప్పుడు జాగ్రత్తలు ఉన్నాయి. ఏ పొర ముందు, ఏ గ్యాస్కెట్ తర్వాత అన్నది విప్పుతూనే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తారుమారైతే మిషన్ ఆడదు. లీవరు ఎత్తు మోడల్‌ను బట్టి ఉంటుంది, కిందకుంటే పెట్రోలు చాలదు, పైకుంటే ఎక్కువై ముంచేస్తుంది. పెట్రోలు బయటికి వచ్చే జెట్టు రంధ్రాల్లో తీగ పెట్టి కెలకొద్దు, అది సైజు పెంచేస్తుంది. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టొద్దు, లోపలి చిన్న వాల్వు ఎగిరిపోతుంది. క్లీనర్ స్ప్రే చాలు.

"అన్నీ ఒకటే" కానే కావు. బాడీ మీద చెక్కిన నంబరు చూడండి. బోల్టు రంధ్రాలు సరిపోయినంత మాత్రాన లోపల జెట్టు సరిపోయినట్టు కాదు. స్టిల్ కంపెనీ ఎంఎస్ 180 లాంటి చిన్న మిషన్లలోనే ఒక్క స్క్రూ ఉన్న కార్బురేటర్లు, ఎక్కువ స్క్రూలు ఉన్నవి, రకరకాలు వచ్చాయి. ఆ నంబరు ఫొటో తీసి దుకాణంలో చూపించండి, "అలాంటిదే సార్" అంటే తీసుకోవద్దు.

నిజం అన్న ముక్క ఇక్కడే ఉంది. మన దగ్గర చిల్లచెట్లు కొట్టడానికి వాడే 58 సీసీ చైనా మిషన్లకు కార్బురేటర్ ఊరూరా దొరుకుతుంది, చవక కూడా. కిట్‌కూ కొత్తదానికీ ధరలో పెద్ద తేడా లేనప్పుడు మార్చేయండి, నాకేం అభ్యంతరం లేదు. అలాగే బ్రాండు మిషన్‌లోనైనా ఎక్సలేటర్ షాఫ్టు వదులై ఊగుతున్నా, నీళ్ళు చేరి బాడీ లోపల తెల్లగా తినేసినా కిట్ వేయడం వృథా. కొత్తదే పెట్టాలి, అయితే అదే నంబరుది.

అసలు కోపం తెప్పించింది హెచ్ స్క్రూ సలహా. ఫుల్ రేస్‌లో పెట్రోలు ఎంత వెళ్ళాలో సర్దే స్క్రూ అది. దాన్ని లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది. చప్పుడు సన్నగా, పదునుగా మారుతుంది, ఖాళీగా రేస్ చేస్తే స్పీడు పెరుగుతుంది. అది చూసి పవర్ పెరిగిందనుకుంటారు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్‌కూ బేరింగులకూ ఆయిల్ వేరే దారిలో రాదు, పెట్రోలుతో కలిసే రావాలి. పెట్రోలు తగ్గించారంటే ఆయిల్ కూడా తగ్గించారు, దానికి తోడు వేడి పెంచారు. నిమిషానికి 12 వేల చుట్లకు పైన తిరిగే ఇంజన్ అది, మే నెల ఎండలో పొదిలి వైపు జామాయిల్ మొద్దులో దింపి చూడండి, పిస్టన్ గీరుకుపోయి పట్టేస్తుంది. అప్పుడు బోరూ పిస్టనూ కలిపి అయ్యే ఖర్చు ముందు కార్బురేటర్ ధర ఏ మూలకూ రాదు.

సరైన పద్ధతి ఇది. మిషన్ వేడెక్కాక, కొత్త ఎయిర్ ఫిల్టర్‌తో చూడాలి. చాలా మోడళ్ళలో హెచ్, ఎల్ (తక్కువ స్పీడులో పెట్రోలు సర్దేది) స్క్రూలు రెండూ మెల్లగా మూసి ఒక చుట్టు వెనక్కి తిప్పడం మొదలు, కచ్చితమైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. ఫుల్ రేస్‌లో ఖాళీగా ఉన్నప్పుడు కాస్త గరగరమనాలి, మొద్దులో దిగగానే ఆ గరగర పోయి సాఫీగా కోయాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈలలా మోగుతుంటే వెంటనే స్క్రూ వెనక్కి తిప్పండి. ఐడ్లింగ్‌లో చైను అసలు తిరగకూడదు. ఎంత సర్దినా ఐడ్లింగ్ నిలవక, ఎక్సలేటర్ వదిలినా రేస్ వెంటనే దిగకపోతే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది, క్రాంక్ సీలో, కార్బురేటర్‌కూ బోరుకూ మధ్య రబ్బరో చూడాలి. అది చూడకుండా స్క్రూలు తిప్పుతూ కూర్చుంటే అయ్యే పని కాదు.

ఆఖరిది ఆయిల్ రెట్టింపు. 50కి 1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25కి 1 అంటే 40. మీ మాన్యువల్ ఏది చెబితే అది. స్టిల్ వాళ్ళు తమ ఆయిల్‌కు 50కి 1, వేరే టూ టీ ఆయిల్‌కు 25కి 1 అని రాసేవాళ్ళు, కాబట్టి ఏ ఆయిల్ పోస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. అంతకు మించి పోస్తే అదే జెట్టు గుండా వెళ్ళే పెట్రోలు వాటా ఇంకా తగ్గుతుంది. మెసేజ్ చెప్పినట్టు హెచ్ స్క్రూ కూడా బిగించి ఉంటే రెండూ ఒకే వైపు లాగుతాయి. మిగిలిన ఆయిల్ సరిగ్గా కాలక సైలెన్సర్‌లో పేరుకుంటుంది, ఆ తర్వాత మిషన్ గుంజడం లేదని మళ్ళీ ఇంకో కార్బురేటర్ ఆర్డర్ పెడతారు.