పప్పు మీద కేసు, నెత్తళ్ళకు బెయిలు

తెల్లవారి ఐదున్నరకి విశాఖ ఆర్కే బీచ్‌లో నడిచే మా బృందంలో ఒకప్పుడు షుగర్ ఉన్నవాళ్ళదే పెద్దరికం. ఇప్పుడా పీఠం యూరిక్ యాసిడ్‌ది. ‘నాది ఎనిమిది’ అని ఒకాయన అంటే, ‘మా బావమరిదిది తొమ్మిదిన్నర’ అని ఇంకొకాయన ఎంసెట్ ర్యాంకు చెప్పినంత గంభీరంగా అంటాడు. చెప్పుకోవడానికి ఏమీ లేక నేను వెనకాల నడిచేవాణ్ణి. మొన్న చెకప్‌లో 7.4 వచ్చింది. పురుషులకి 7 దాటితే ఎక్కువ అంటారు కాబట్టి, ఇప్పుడు నేనూ సభ్యుణ్ణే.

నేరం బయటపడ్డాక నేరస్థుడు దొరకాలి కదా. వాట్సాప్ సాక్ష్యంతో మా ఇంట్లో విచారణ గంటలో ముగిసింది. కందిపప్పుకీ పాలకూరకీ వంటింటి బహిష్కారం. వాటిలో ప్యూరిన్లు అనే పదార్థాలు లేవని నేననను. అవి ఒంట్లో విరిగితేనే యూరిక్ యాసిడ్ పుడుతుంది. కానీ ఆ యాసిడ్‌తో కీళ్ళు వాచి నొప్పెట్టే గౌట్ ముప్పు పెంచుతాయని పెద్ద అధ్యయనాల్లో తేలినవి మాంసం, సముద్రపు చేపలు, బీరు, తీపి కూల్‌డ్రింకులు. పప్పూ కూరలూ కావు. అయినా ఎండు నెత్తళ్ళ మీద ఫిర్యాదు చేయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ‘వేలెడంత లేవు, వాటిల్లో ఏముంటుందండీ’ అంది మా ఆవిడ. ఆ వేలెడంత చేపే ప్యూరిన్ల పట్టికలో పైవరసలో కూర్చుంటుంది. కవ్వళ్ళు, అంటే సార్డీన్ చేపలు, దాని పక్కనే. విశాఖలో పుట్టి వాటికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం కన్నా పప్పు మానేయడం తేలిక.

ఇక బీరు. అది కిడ్నీలు కడుగుతుందని మా బృందంలో సగం మంది నమ్మకం. అది ప్యూరిన్లూ తెస్తుంది, యాసిడ్ బయటికి పోయే దారికీ అడ్డం పడుతుంది. ఇంత కడుగుడు ఏ కిడ్నీ అడిగిందో తెలీదు.

మూడో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరు గారికి ఒక రాత్రి రెండింటికి కాలి బొటనవేలికి నొప్పి లేచింది. పండుమిరపకాయలా ఎర్రగా, నిగనిగలాడుతూ. ఫ్యాను గాలికి దుప్పటి అంచు కదిలి వేలికి తగిలిందట, ఆ కేక కింద వాచ్‌మన్‌కి వినిపించింది. ముదురు పాకం చల్లారితే పలుకులు కట్టినట్టే, 6.8 దాటిన యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కట్టొచ్చు. ఒంట్లో చల్లగా ఉండే చోటు కాబట్టి బొటనవేలంటే దానికి మోజు. మర్నాడు రక్తపరీక్షలో 6.3 వచ్చింది. నార్మలే కదా అని ఆయన నేరం కొత్త బూట్ల మీదకి తోసేశారు. నొప్పి ఉన్న రోజుల్లో ఆ అంకె తగ్గి కనిపించొచ్చనీ, తగ్గాక మళ్ళీ చూసుకోవాలనీ డాక్టరు చెప్పినా వినలేదు. రెండోసారి లేచాక మాత్రలు వేసుకున్నారు. 5.6కి దిగగానే మానేశారు. యుద్ధం గెలిచాక సైన్యానికి జీతాలెందుకని ఆయన వాదన. మూడోసారి లిఫ్టు దాకా కుర్చీలో మోశాం.

నా డాక్టరు మరీ అన్యాయం. నొప్పి రాలేదు, కిడ్నీలో రాయి లేదు కాబట్టి మాత్ర అక్కర్లేదన్నాడు. నీళ్ళు తాగు, బరువు తగ్గు, అలాగని కడుపు మాడ్చుకోకు, అది కూడా యాసిడ్‌ని పెంచుతుంది అన్నాడు. బీపీ మాత్ర చీటీ అడిగి తీసుకున్నాడు. నీరు లాగే మందు అందులో కలిసి ఉంటే అదీ కారణమేనట. పథ్యంతో తగ్గేది మహా అయితే ఒక పాయింటు, మిగతాదంతా కిడ్నీల పనితనం. ఫీజు కట్టి ఉత్త చేతులతో వచ్చాను.

జాలారిపేట కుక్క చేపతల నమిలి హాయిగా పరుగెడుతుంది. యూరిక్ యాసిడ్‌ని విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైము దానికుంది. మన పూర్వీకులు కోట్ల ఏళ్ళ కిందటే పోగొట్టుకున్నారు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవడానికని ప్రభుత్వం చెబుతుంది. నా బొటనవేలి కోసమని నేను అనుకుంటాను. ఈసారి నిషేధం ముగిసి తొలి బోట్లు తిరిగొచ్చిన తెల్లవారు మా బృందం బీచ్‌కి వెళ్ళలేదు. ఫిషింగ్ హార్బర్లో సంచులతో నిలబడింది. వరసలో అందరికన్నా ముందు ఇంజనీరు గారు, కుడికాలి బూటుకి బొటనవేలి దగ్గర గుండ్రంగా కత్తిరించిన చిల్లుతో.